పెదవి కదిపే చదువు

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటింది. చర్చి గంట మోగింది. బయట పిల్లలు టపాకాయలు కాల్చారు. లోపల అందరూ ఒకరికొకరు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుని కేకు ముక్కలు తిన్నారు. అప్పుడు పాస్టరమ్మగారు స్టీలు పళ్లెం పట్టుకుని వరసల మధ్యకి వచ్చారు. పళ్లెం నిండా వాగ్దానం కార్డులు, అన్నీ బోర్లా పెట్టి ఉన్నాయి. చూడకుండా చెయ్యిపెట్టి ఒకటి తీసుకోవాలి. దాని మీదున్న వచనమే ఆ మనిషికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ పళ్లెం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బీరువా అద్దం అంచున, ఫ్రిజ్ తలుపు మీద, ఆటోలో స్టీరింగు పక్కన ఆ కార్డు మళ్లీ డిసెంబరు దాకా కనిపిస్తూనే ఉంటుంది.

నా ముందు చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ తన కార్డు తీసి పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టింది. "నాదాంట్లో ఏం పడిందో చదివి పెట్టయ్యా." వాడు గబగబా చదివేశాడు. "ఇంకోసారి, మెల్లిగా." మళ్లీ చదివాడు. మూడోసారికి ఆవిడ పెదవులు వాడితోపాటే కదిలాయి. నాలుగోసారి వాడి నోట్లోంచి మాట రాకముందే ఆవిడ పూర్తి చేసేసింది. "చాల్లే నాన్నా" అని కార్డు తీసుకుని బొడ్లో దోపుకుంది. తరవాత పాస్టరుగారి ప్రార్థన జరిగినంతసేపూ ఆ పెదవులు ఆగలేదు.

ఈ కార్డుల్ని నేను చాన్నాళ్లు భక్తి లాటరీ అని వెక్కిరించేవాణ్ణి. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు, దాని సంగతి తరవాత చెబుతాను. కానీ ఆ రాత్రి ఆవిడ చేసిన పని మాత్రం చాలా పాత విద్య. బైబిలులో ధైర్యం గురించిన అతి ముఖ్యమైన ఘట్టాల్లో ఒకదాని నడిమధ్యన అదే విద్య ఉంది.

యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. మోషే చనిపోయాడు. నలభై ఏళ్లు జనాన్ని ఎడారిలో నడిపించినవాడు పోయాక, ఆ బరువంతా అప్పటిదాకా ఆయన వెనక నడిచిన యెహోషువ నెత్తిన పడింది. ఎదురుగా యొర్దాను నది, అవతల కోటగోడల పట్టణాలు. ధైర్యంగా ఉండు అన్న మాట ఈ ఒక్క అధ్యాయంలో అతనికి నాలుగుసార్లు వినిపిస్తుంది. మూడుసార్లు దేవుడు చెబుతాడు, నాలుగోసారి జనమే చెబుతారు. అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే పాపం అతను ఎంత బెదిరి ఉన్నాడో! ఏడో వచనంలో ధైర్యం, తొమ్మిదో వచనంలో ధైర్యం. మధ్యలో ఎనిమిదో వచనంలో, ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పే పద్ధతి ఉంది. రాసి ఉన్న మాటని నోటికి దూరం కానివ్వకు, పగలూ రాత్రీ దాన్ని ధ్యానించు అన్నది దాని సారాంశం.

ధ్యానం అనగానే మనకి మూసిన కళ్లూ కదలని ఒళ్లూ గుర్తొస్తాయి. హీబ్రూలో అక్కడున్న మాట 'హగా'. అది నోటితో చేసే పని. యెషయా ప్రవక్త అదే మాటని, పట్టిన వేట మీద నిలబడి గుర్రుమంటున్న సింహానికి వాడాడు. ఆ గ్రంథంలోనే మరోచోట పావురం మూలుగుకీ ఆ మాటే ఉంది. మొదటి కీర్తనలో నీటికాలవ పక్కన చెట్టులా ఉంటాడని చెప్పిన మనిషి రాత్రింబగళ్లు చేసేదీ అదే. అంటే గొణుక్కోవడం, లోగొంతులో వల్లించడం. వీధిబడుల్లో ఎక్కాలు వల్లెవేసిన మనకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. అనువాదంలో 'ధ్యానం' అని పడేసరికి పని నోటి నుంచి మనసులోకి జారిపోయింది కానీ, చాప మీద కూర్చున్న పెద్దావిడకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

యూరపు మఠాల్లోనూ ఇదే పద్ధతి నడిచింది. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసుల కోసం రాసిన నియమావళిలో రోజూ ఇన్ని గంటలు చదువుకి అని కేటాయించాడు. పన్నెండో శతాబ్దంలో రెండో గిగో అనే కార్తూసియన్ సన్యాసి ఆ చదువుకి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, చివరికి ఊరికే దేవుడి ఎదుట ఉండిపోవడం. మననానికి ఆ సన్యాసులు వాడిన పోలిక ఆవు నెమరు. మన భాషలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది, చదివింది నెమరేసుకోవడం అంటాం. ఒక్క వచనాన్ని నోట్లో వేసుకుని రోజంతా నమలడం అన్నమాట.

దీనివల్ల ధైర్యం ఎలా వస్తుంది? నాకు తోచింది చెబుతాను. భయం కూడా వల్లెవేతే. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అప్పువాడు రేపు గుమ్మంలో నిలబడతాడు, బయాప్సీ రిపోర్టు ఎల్లుండి వస్తుంది, దేశం కాని దేశంలో కొడుకు ఉద్యోగం ఊడింది. ఏదైతేనేం, ఒకే వాక్యం లోపల గానుగెద్దులా తిరుగుతుంటుంది. దాన్ని ఆపుదామని చూస్తే ఇంకా వేగం పుంజుకుంటుంది. ఈ సంప్రదాయం దాన్ని ఆపమని చెప్పదు. ఆ చోటులో ఇంకో వాక్యాన్ని తిప్పమంటుంది. అందుకే కంఠతా ఉండాలి, అందుకే పెదవి కదలాలి. రెండు గంటల రాత్రి లైటు వేసి కళ్లజోడు వెతుక్కుని పేజీలు తిప్పే ఓపిక ఎవరికుంటుంది?

ఆదివారపు బడిలో కంఠత వాక్యం అప్పజెప్పినందుకు పిప్పరమెంట్లు తీసుకున్న పిల్లలు చాలామంది పెద్దయ్యాక చర్చి ముఖం చూడరు. అయినా ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద కూర్చున్నప్పుడు వాళ్ల నోటికి వచ్చేది ఆ వాక్యాలే. ఇరవై మూడో కీర్తనే ఎక్కువగా.

తెలుగు నేల మీద ఈ నోటి చదువుకి ఇంకో కారణం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో సువార్త విన్నవాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. రాకపోవడం అంటే నేర్చుకోకపోవడం కాదు, నేర్చుకోనివ్వకపోవడం. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అయితే మాలపల్లెలోనూ మాదిగవాడలోనూ పుస్తకం విప్పి చదవగల మనిషి ఒక్కడుంటే గొప్ప. ఆ ఒక్కడు చదువుతాడు, మిగిలినవాళ్లు విని నోటికి పట్టుకుంటారు. పగలంతా కూలికి పోయి వచ్చినవాళ్లు రాత్రి దీపం పెట్టాక కూడేవాళ్లు. దోర్నకల్లు బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వి.యస్. అజరయ్య ఈ పల్లె ప్రార్థనల మీద చాలా పట్టుదలగా ఉండేవాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత చెయ్యి తల మీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు అయ్యో అన్న పౌలు మాటని పలికించేవాడు. నిన్నటిదాకా కరణంగారి ముందు నోరెత్తని మనిషి అందరి ఎదుటా నోరు తెరిచి, నేను చెప్పాల్సిన మాట ఒకటుంది అనడం! ఆ ఒక్క దృశ్యంలో ఉన్న ధైర్యం నాకు పది ప్రసంగాల్లో కనపడలేదు.

ఇక పాట. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివాళ్లు రాసిన కీర్తనల్ని నోటికి పట్టుకున్నవాళ్లకి లేఖనం సగం వచ్చినట్టే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం విప్పితే పాటల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆ రాగం పేరు ఏమిటో పాడేవాళ్లలో చాలామందికి తెలియదు, కానీ తప్పకుండా అందులోనే పాడతారు. మతం మారినా గొంతు మారలేదు. ఇప్పుడు కీబోర్డూ ప్యాడ్సూ వచ్చాక ఆ పాత కీర్తనలు మూలకి పోతున్నాయని నా బాధ. కొత్త పాటలు బాగానే ఉన్నాయి. నాలుగు మాటలు నలభైసార్లు తిరుగుతాయి, అదీ ఒకరకం వల్లెవేతే. కానీ పాత కీర్తనలో పది చరణాల్లో ఒక కథ మొత్తం నడిచేది.

ఈ విద్యలో కొత్తవాళ్లని ఆశ్చర్యపరిచే భాగం ఒకటుంది. అది దేవుడితో తగువు. ధైర్యం కోసం బైబిలు తెరిచినవాళ్లు కీర్తనల గ్రంథం దగ్గర తడబడతారు, ఎందుకంటే ఆ నూటయాభైలో చాలా భాగం మొర. పదమూడో కీర్తనలో ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే, ఇంకెన్నాళ్లు అన్న ప్రశ్న నాలుగుసార్లు. తరవాత అడగాల్సింది అడుగుతాడు. చివర్న, ఏమీ మారకపోయినా, పాడతానంటాడు. ఆ మలుపు ఎక్కడ జరిగిందో వచనాల మధ్య వెతికినా దొరకదు. నలభై రెండో కీర్తనలో మనిషి తన ప్రాణాన్నే పక్కకి పిలిచి, ఎందుకిలా కుంగిపోయావని నిలదీస్తాడు. అదే ప్రశ్న నలభై మూడో కీర్తనతో కలుపుకుని మూడుసార్లు వస్తుంది. ఒకసారి అడిగితే ప్రాణం వినలేదన్నమాట. ఎనభై ఎనిమిదో కీర్తనకి ఆ మలుపు కూడా లేదు. హీబ్రూలో దాని ఆఖరి మాట 'చీకటి'. అక్కడితో ఆగిపోతుంది.

ఆ కీర్తనని ఎవరూ కొట్టెయ్యలేదు. దానికి ఒక మంచి ముగింపు అతికించనూ లేదు. సిలువ మీద యేసు నోటికి వచ్చింది కూడా ఇరవై రెండో కీర్తన మొదట్లోని మొరే. చిన్నప్పుడు నోటికి పట్టిన మాటే ఆఖరి గడియలో పనికొచ్చింది. ఏడవడం విశ్వాసం తక్కువైనట్టని సాక్ష్యాల కూడికల్లో మందలించే పెద్దలున్నారు. వాళ్లు ఈ పుస్తకాన్ని ఏ ముఖంతో చదువుతారో నాకు తెలియదు.

ఇప్పుడు నా అనుమానం సంగతి. పళ్లెంలో కార్డులన్నీ తీపివే. తలగా నియమిస్తాను, విస్తరింపజేస్తాను, ఆపదలో కాస్తాను, ఈ ధోరణిలోనే ఉంటాయి. యోబు పుండ్లు గోక్కున్న వచనం ఎవరికీ పడదు. ఎనభై ఎనిమిదో కీర్తన చివరి వచనం అచ్చేసిన కార్డు నేనింతవరకు చూడలేదు. భయపడకుము అన్న మాట బైబిలులో సరిగ్గా 365 సార్లుందనీ, రోజుకొకటనీ పండగ ప్రసంగాల్లో చెబుతుంటారు. లెక్కపెట్టుకుంటే అది నిలవదు. నిజానికి ఆ మాటకి అంత లెక్క అక్కర్లేదు కూడా.

అన్నిటికన్నా ఎక్కువమందికి పడే వచనాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వది ఒకటి. మీ గురించి నా ఆలోచనలు మేలైనవే, మీకు ముందు రోజులున్నాయి అన్న అర్థమొచ్చే మాట. ఇంజనీరింగ్ సీటు కోసం, వీసా కోసం, పెళ్లి సంబంధం కోసం ఈ వచనాన్ని పట్టుకుని మోకరించినవాళ్లు మన చుట్టూ కోకొల్లలు. తప్పని నేననను. కానీ పైనున్న పదో వచనం చదివితే గుండె గుభేలుమంటుంది. ఆ మేలు జరగడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని అందులో ఉంది.

ఇది బబులోనుకి బందీలుగా వెళ్లినవాళ్లకి యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం. నెబుకద్నెజరు రాజునీ, దొరల్నీ, కమ్మరుల్నీ, వడ్రంగుల్నీ పట్టుకుపోయాడు. వెనక్కి రావడం ఎప్పుడా అని వాళ్లు రోజులు లెక్కపెడుతున్నారు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరూ చూస్తుండగా యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరిచేశాడు. రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని ప్రకటించాడు. పళ్లెంలో పెట్టదగ్గ వాగ్దానం అంటే అదీ. జనానికి కావలసిందీ అదే. హనన్యా ఆ ఏడే చనిపోయాడు, రెండేళ్లలో ఎవరూ తిరిగి రాలేదు. యిర్మీయా ఉత్తరంలో ఉన్నది వేరు: అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, మిమ్మల్ని బందీలుగా పట్టుకుపోయిన ఆ ఊరి మేలు కోసమే ప్రార్థించండి. డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లెవరూ తిరిగి రారు. వాళ్లు నాటిన చెట్టు నీడలో మనవలు నడుం కట్టుకుని బయల్దేరతారు.

ఒంటిగా చదివితే 11వ వచనం ఒక ఓదార్పు. ఉత్తరం మొత్తం చదివితే అది ఒక పని. పరాయి ఊళ్లో మామిడి టెంక పాతిపెట్టి పదేళ్లు నీళ్లు పోసే పని. ఈ రెండో చదువులోనే ధైర్యం ఉందని నేననుకుంటాను.

అనుకోకుండా తగిలిన వచనం మనిషిని కదిలించకూడదని కాదు. 1866లో జాన్ క్లఫ్ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఆ ఊరి పక్క కొండ మీద లైమన్ జ్యూవెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు స్థానిక విశ్వాసులు, వెరసి అయిదుగురు కూర్చుని ప్రార్థించారు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు. అసలు తెలుగు మిషన్‌నే మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఆలోచిస్తున్న కాలం. ఏమీ లేని ఊరిని చూసి, ఇక్కడ సంఘం ఉంటుంది అని ఆ అయిదుగురు అనుకున్నారు. ఆ కొండకి తరవాత ప్రేయర్ మీటింగ్ హిల్ అన్న పేరు స్థిరపడింది.

క్లఫ్ వచ్చాక మొదట పెద్దకులాల కుటుంబాలు మొగ్గు చూపాయి, పిల్లల్ని ఆయన బడికి పంపాయి. అదే సమయంలో ఒంగోలుకి నలభై మైళ్ల దూరంలోని పల్లె నుంచి యర్రగుంట్ల పేరయ్య కబురొచ్చింది. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఆయన. 1866లోనే జ్యూవెట్ దగ్గర బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి తనవాళ్లకి చెబుతున్నాడు. మాదిగలు వరసగా రాసాగారు. వాళ్లని చేర్చుకుంటే మేం రాం అని పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు. క్లఫ్ ఇరుకున పడ్డాడు. మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టే ఊరి పెద్దలు ఒకవైపు, ఊరి బయట తోలు నానబెట్టుకునేవాళ్లు ఇంకోవైపు. ఆ రాత్రి గదిలో ఉన్న పుస్తకాల దొంతరలోంచి ఒక కొత్త నిబంధన తీసి ఊరికే తెరిచాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటపడింది. పిలుపు అందుకున్నవాళ్లలో జ్ఞానులూ ఘనులూ ఎక్కువమంది లేరనీ, లోకం నీచమని తోసేసినవాళ్లని దేవుడు ఏరుకున్నాడనీ పౌలు అన్న చోటు. బయటికొచ్చి భార్యకి చెబితే, తనూ వేరే గదిలో అదే భాగం చదివానంది. ఈ సంగతి క్లఫ్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

దీన్ని దైవచిత్తం అంటారో కాకతాళీయం అంటారో మీ ఇష్టం. నా దృష్టి ఆ వచనం చేసిన పని మీద. అది ఆయనకి ఏమీ ఇస్తానని చెప్పలేదు. ఉన్నది పోగొట్టుకోమంది. బడి నుంచి పెద్దింటి పిల్లలు వెళ్లిపోయారు. అటువైపు మాదిగ పల్లెల్లో చేరినవాళ్లు ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, జాతరల్లో పాలుపంచుకోకూడదు. ఈ మూడింటి వల్లా ఊరితో తగువే. ఊరిబావి మూశారు, కూలి ఆపారు. భయపడకుము అన్న మాట పళ్లెంలోంచి వచ్చిన కార్డు మీద చదవడం ఒకటి, రేపటి గంజికి గింజ లేనప్పుడు వల్లించడం ఇంకొకటి.

కరువు కాలమంతా (1876–78) బాప్తిస్మాలు ఆపేసి బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించిన క్లఫ్, ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆ అంకెని మిషన్ చరిత్రలు గొప్పగా చెబుతాయి. నాకైతే అంకెకన్నా ఆ దొంతరలోంచి తీసిన పుస్తకం ముఖ్యం.

జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరావియన్ సంఘంవాళ్లు చీటీ తీసి ఏడాదిలో ప్రతి రోజుకీ ఒక వచనం ఎంచే పద్ధతి పెట్టారు. 1731 నుంచి దాన్ని పుస్తకంగా అచ్చేస్తున్నారు. మన పళ్లెం కార్డులకి అది పెద్దమ్మ లాంటిది. రోజూ ఆ పుస్తకం చదివే అలవాటున్నవాడు డీట్రిక్ బోన్‌హోఫర్. హిట్లరుకి ఎదురు నిలిచిన పాస్టరు. 1935 నుంచి 37 వరకు ఫింకెన్‌వాల్డెలో తను నడిపిన సెమినరీలో, ఒకే లేఖన భాగాన్ని వారమంతా రోజుకి అరగంట చొప్పున మౌనంగా నెమరేయాలని విద్యార్థులకి నియమం పెట్టాడు. మొదట్లో వాళ్లు విసుక్కున్నారట, అరగంట ఏం చెయ్యాలో తెలియక. 1939 జూన్‌లో స్నేహితులు అతన్ని న్యూయార్కుకి తప్పించారు. ఉద్యోగం సిద్ధం, ప్రాణభయం లేదు. అక్కడ అతనికి నిద్రపట్టలేదు. వెనక్కి వెళ్లిపోవాలన్న ఆలోచన గట్టిపడుతున్న రోజుల్లో, చలికాలం రాకముందే రావడానికి ప్రయత్నించమని పౌలు తిమోతికి రాసిన చిన్న మాట కంటపడింది. అది రోజంతా తనని వదల్లేదని డైరీలో రాసుకున్నాడు. నిజానికి పౌలు రాసింది ఎవరి కోసమో, ఎప్పుడో. ఆ సంగతి బోన్‌హోఫర్‌కి మనకన్నా బాగా తెలుసు. జులైలో ఓడెక్కి జర్మనీ వెళ్లిపోయాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరితీశారు.

అందుకని కార్డు నిజంగా నాకు పడిందా లేదా అని తేల్చుకోవడానికి నేను ఒక గీటురాయి పెట్టుకున్నాను. ఆ మాట నాకు ఇస్తానంటోందా, నన్ను ఏమైనా అడుగుతోందా? రెండోది లేకపోతే ఇంకో నాలుగు వచనాలు పైకీ కిందకీ చదవాలి.

ఇక దర్శనం. ఈ మాట మన దగ్గర బాగా పాడైపోయింది. ఫలానా అయ్యగారికి దర్శనం కలిగింది, ఫలానా చోట స్థలం కొనమన్నాడు, చందా ఇవ్వండి అని మైకులో వినిపిస్తుంటే ఆ మాట మీదే విరక్తి కలుగుతుంది. లేఖనంలో దర్శనం అంటే ఏమిటో చూడాలంటే రెండవ రాజుల గ్రంథం ఆరో అధ్యాయానికి పోవాలి.

సిరియా రాజు ఇశ్రాయేలు మీద దాడికి ఎక్కడ మాటు వేసినా ఎలీషా ప్రవక్త ముందే చెప్పేస్తున్నాడు. రాజుకి ఒళ్లుమండి, ఈ ముసలాయన్ని పట్టుకురమ్మని గుర్రాల్నీ రథాల్నీ పంపాడు. రాత్రికి రాత్రే వాళ్లు దోతాను ఊరిని చుట్టుముట్టారు. తెల్లవారుజామున ఎలీషా పనివాడు లేచి బయటికొచ్చాడు. నీళ్లకో, పొయ్యి కోసం పుల్లలకో వచ్చి ఉంటాడు. తలెత్తి చూస్తే చుట్టూ సైన్యం. అయ్యో, ఇప్పుడెలా అని లోపలికి పరిగెత్తాడు. భయపడకు, వాళ్లకన్నా మనవైపున్నవాళ్లే ఎక్కువ అన్నాడు ఎలీషా. పనివాడు లెక్కపెట్టుకుని ఉంటాడు: నేనొకణ్ణి, ఈయనొకడు. అప్పుడు ఎలీషా ప్రార్థించాడు. సైన్యాన్ని తరమమని అడగలేదు. వీడి కళ్లు తెరవమన్నాడు, అంతే. తెరుచుకున్నాయి. కొండ నిండా అగ్ని గుర్రాలు, అగ్ని రథాలు.

ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి. కథ ఆగదు. ఆ అగ్ని రథాలు తరవాత ఏం చేశాయి? ఏమీ చెయ్యలేదు. కథ చివరిదాకా ఒక్క అంగుళం కదల్లేదు. ఎలీషా రెండో ప్రార్థన చేశాడు, సైనికులకి చూపు పోయింది. వాళ్లని చెయ్యిపట్టుకుని నడిపించుకెళ్లినట్టు తనే షోమ్రోను నగరం మధ్యకి తీసుకెళ్లి నిలబెట్టాడు. మూడో ప్రార్థనకి వాళ్ల కళ్లు తెరుచుకున్నాయి. చూస్తే శత్రువు రాజధానిలో నిలబడి ఉన్నారు. ఇశ్రాయేలు రాజు చేతులు దురద పెట్టి, కొట్టెయ్యనా అని రెండుసార్లు అడిగాడు. వద్దు, అన్నం పెట్టి నీళ్లిచ్చి పంపించు అన్నాడు ఎలీషా. రాజు పెద్ద విందే చేశాడు. తిని తాగి వాళ్లు వెళ్లిపోయారు. ఆ దండులు మళ్లీ ఆ దేశంలోకి రాలేదు.

పొద్దున్న పనివాడికి కలిగిన దర్శనం సాయంత్రానికి శత్రువుకి విస్తరి వెయ్యడంగా తేలింది. కళ్లు తెరుచుకున్నవాడికి కత్తి అక్కర్లేకపోయింది. నాకు తెలిసినంతలో బైబిలు దర్శనానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. అందుకే దాన్ని ముక్కగా తుంచి కార్డు మీద అచ్చేస్తే నాకు ప్రాణం ఒప్పదు. అగ్ని రథాల వచనం అందరికీ కావాలి, విందు వచనం ఎవరికీ పడదు.

ఈ విద్య పట్టుపడాలంటే పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. పొద్దున్నే పది నిమిషాలు, పైకి వినపడేలా, ఒక చిన్న భాగం. రేపు మళ్లీ అదే. వారం తిరిగేసరికి అందులో ఏదో ఒక మాట కాలికి ముల్లులా గుచ్చుకుంటుంది, దాన్ని పట్టుకుని రోజంతా గొణుక్కోవాలి. వీలైతే ఇంకొకరితో కలిసి చదవాలి, ఎందుకంటే ఒంటరిగా చదివేవాడు తనకి కావలసిందే చదువుకుంటాడు. కుటుంబ ప్రార్థన అని పెద్దలు పెట్టినదానికి అర్థం అదే. అన్నాలకి ముందు పిల్లాడు తడబడుతూ చదువుతుంటే, నాయనమ్మ అడ్డుపడి, ఆ మాట కాదురా, మళ్లీ చదువు అంటుందే, ఆ ఒక్క దిద్దుబాటు కోసం.

వచ్చే డిసెంబరు 31 రాత్రి మీ చేతికొచ్చిన కార్డుని బీరువాకి అంటించే ముందు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అధ్యాయం సంఖ్య చూడండి. ఇంటికెళ్లాక ఆ అధ్యాయం మొదటినుంచి చివరిదాకా పైకి చదవండి, చదవలేని పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ల పక్కన కూర్చుని చదవండి. యిర్మీయా 29లో ఉన్నవి 32 వచనాలే. తాపీగా చదివినా పది నిమిషాలు పట్టదు.